కేకు ట్రేలో నాన్న గొంతు

ఆ రోజుల్లో నాకు తెలివి తక్కువగానూ పట్టుదల ఎక్కువగానూ ఉండేవి. ఇప్పుడు రెండూ ఒక స్థాయికి సర్దుకున్నాయి, అందుకే చెప్పుకోదగ్గ ముచ్చట ఒక్కటీ జరగడం లేదు. నేను చెప్పబోయేది మరీ పాతకాలం సంగతి కాదు. అప్పటికే అందరి జేబుల్లోనూ ఫోన్లున్నాయి, ఆ ఫోన్లలో పాటలున్నాయి. అలాంటి కాలంలో ఒక కుర్రాడు పాత రేడియోల్లోంచి ఊడబెరికిన వాల్వులతో (అదే, రేడియో వెనకాల ఎర్రగా వెలుగుతుండే ఆ గాజు బుడ్లతో) సొంతంగా యాంప్లిఫయర్ కట్టడానికి కూర్చున్నాడంటే, వాడికి పనీపాటా లేకపోయుండాలి, లేదా ఇంట్లో ఏదో పరువు సమస్య ఉండుండాలి. నాకు పనుంది. ఉన్నది పరువు సమస్యే. అది కూడా నా ఒక్కడిదే కాదు, మా నాన్నదీ నాదీ కలిపి.

ఫిల్మ్ నగర్‌లో ఒక డబ్బింగ్ స్టూడియోలో నేను అసిస్టెంట్‌ని. అసిస్టెంట్ అనగానే ఏదేదో ఊహించుకోకండి. మైకు వైర్లు చుట్టిపెట్టడం, హెడ్‌ఫోన్లకి అంటిన తలనూనె తుడవడం, హీరోగారు గొంతు సవరించుకున్నప్పుడల్లా వేడినీళ్ళు అందించడం, అంతే. మా ఇల్లు స్టూడియోకి కాస్త దిగువన, బండరాళ్ళ మధ్య కట్టిన మేడలో కింది పోర్షన్. పైన ఓనరమ్మ ఉండేది. జూబ్లీహిల్స్‌లో బంగళాలు లేవకముందే ఆ బండల మీద మేకలు కాసిన కుటుంబం ఆవిడది. మాదేమో గుంటూరు వైపు నుంచి మద్రాసు వెళ్ళి, సినిమావాళ్ళ వెనకే హైదరాబాదు చేరిన క్రైస్తవ కుటుంబం. మా అమ్మ తమ్ముడు, అంటే మా మామయ్య, నాకు "సగం" అని పేరు పెట్టాడు. సగం నేర్చి వదిలేసిన గిటారు, సగం చదివి మానేసిన కంప్యూటర్ కోర్సు, సగం రంగు వేసి ఆపేసిన మా గేటు, ఇవన్నీ చూశాక ఆ పేరుని కాదనే ధైర్యం ఇంట్లో ఎవరికీ లేకపోయింది. ఆదివారం చర్చి మెట్ల మీద అందరూ వింటుండగా, "ఏరా సగం, బావున్నావా?" అని పలకరించేవాడు. నేను పూర్తిగా సిగ్గుపడేవాణ్ణి.

ఇక నాన్న సంగతి. మద్రాసులో ఉన్నప్పుడు ఆయన సినిమా పాటల్లో కోరస్ పాడేవారు. గుంపులో ఒకరన్నమాట. రికార్డు అట్ట మీద వాళ్ళ పేర్లుండవు, తెర మీద అసలే ఉండవు. ఆయన పాడిన వాటిలో ఒక్క పాట తాలూకు నల్ల రికార్డు మాత్రం మా ఇంట్లో ఉండేది. చరణం చివర కోరస్ అందుకునే చోట తన గొంతు వినబడుతుందని ఆయన చెప్పేవారు. ప్రతి క్రిస్మస్‌కీ భోజనాలయ్యాక మామయ్య బుగ్గన కిళ్ళీ పెట్టుకుని, "బావా, ఏదీ నీ పాట?" అనేవాడు. రేకుడబ్బాలో మాట్లాడినట్టుండే మా పాత ప్లేయర్ మీద రికార్డు తిరిగేది. సరిగ్గా ఆ చోటు రాగానే నాన్న కుర్చీలోంచి లేచి, "అదిగో, అదిగో, వినండి, అది నేనే!" అని కేకపెట్టేవారు. ఆ కేకలో పాట కాస్తా కొట్టుకుపోయేది. "నువ్వు అరిచింది తప్ప ఏం వినబడలేదు బావా," అని మామయ్య, ఇల్లంతా ఒకటే నవ్వు. చిన్నప్పుడు నేనూ నవ్వేవాణ్ణి. ఒక క్రిస్మస్‌కి మాత్రం, నవ్వులయ్యాక నాన్న ఆ రికార్డుని చొక్కా అంచుతో తుడిచి అట్టలోకి దోపడం చూశాను. ఎవరూ నమ్మని మనిషి చేసే పనిలా ఉందది. వచ్చే క్రిస్మస్‌కి ఆ గొంతు అందరికీ వినిపించి తీరాలని ఆ నిమిషంలోనే తీర్మానించుకున్నాను.

వాల్వు యాంప్లిఫయర్‌లో పాత పాట పెడితే గొంతులు మనుషుల్లా ఎదురుగా వచ్చి నిలబడతాయని స్టూడియోలో ఎవరో అన్నారు. నాకంత చాలు. జుమ్మేరాత్ బజార్‌లో పాత రేడియోలు వెతికాను, కోఠిలో ట్రాన్స్‌ఫార్మర్ చుట్టించాను. అన్నిటినీ బిగించడానికి ఒక గట్టి అల్యూమినియం రేకు కావాల్సొచ్చింది. ఇల్లంతా వెతికితే మా అమ్మ క్రిస్మస్ కేకు చేసే ట్రే దొరికింది. బోర్లిస్తే కొలిచి చేయించినట్టుంది. వాల్వులు కూర్చునే సాకెట్ల కోసం దానికి గుండ్రంగా కన్నాలు పెట్టాక అమ్మకి చెప్పాను. (ముందే చెబితే ఈ కథ ఉండేది కాదు.) అమ్మ ఆ కన్నాల్లోంచి నన్ను చూస్తూ, "క్రిస్మస్‌లోపు దీన్లో పాటైనా రావాలి, కేకైనా రావాలి. రెండూ రాకపోతే నువ్వు ఇంటికి రాకు," అంది. అయినా తల్లి తల్లే కదా, నేను సోల్డరింగ్ చేస్తున్నంతసేపూ వెనక నిలబడి "ప్రభువా, వీడి వేళ్ళు కాపాడు" అని ప్రార్థన చేసేది. నాన్న మాత్రం దూరం నుంచే, "ఎందుకురా ఈ తంటా? ఆ రికార్డు అరిగిపోయింది. వదిలెయ్," అనేవారు. నా మీద నమ్మకం లేక అంటున్నారనుకుని నేను ఇంకా బిగుసుకున్నాను.

పని పూర్తయిన శనివారం సాయంత్రం వరండాలో బల్ల మీద పెట్టి, భయంభయంగా స్విచ్చి వేశాను. వాల్వులు ఒక్కొక్కటే కళ్ళు తెరిచాయి. పాట వచ్చింది! ఎంత బాగా వచ్చిందంటే, ఆ ఆనందంలో నాన్న రికార్డు పెట్టి చూడాలన్న ఇంగితం కూడా లేకుండా మామయ్యకి ఫోన్ చేసి, "రేపు చర్చి అయ్యాక రా, సగమో పూర్తో నువ్వే తేల్చు," అనేశాను. మర్నాడు చర్చి నుంచి రాగానే అందరినీ కూర్చోబెట్టాను. పై నుంచి ఓనరమ్మ కూడా కొత్త చీర కట్టుకుని దిగింది. స్విచ్చి వేశాను. ముందు భుస్సుమంది. తర్వాత టపటపమంది. ఆ తర్వాత, చెట్టు కింద బస్సు ఇంజను ఆపకుండా పెట్టినట్టు, గుర్రుమని ఒకటే మోత. దాని కింద పాట ఎక్కడుందో దేవుడికే తెలియాలి. ఏదో మాడిన వాసన కూడా వచ్చింది. అమ్మ వంటింట్లో తాలింపు వదిలేసిందేమో అనుకున్నాను.

"పాటకి ముందు సముద్రం సీనేమో, ఆగండి," అన్నాడు మామయ్య.

నాన్న నవ్వలేదు. నా భుజం తట్టి, "పోన్లేరా, ఇంక వదిలెయ్," అన్నారు. ఆ గొంతులో కొంచెం ఊరట వినబడినట్టు నాకు అనిపించింది కానీ, ఆ మోతలో ఏం వినబడిందో ఏం నమ్మగలం! ఓనరమ్మ మాత్రం, "ఫికర్ జేయకు బిడ్డా. కొత్త మిషను, గట్లనే గుర్రుమంటది. నేను జూస్కుంట," అని ధైర్యం చెప్పి మెట్లెక్కింది. ఆవిడ ఏం చూసుకుంటుందో నేను అడగలేదు.

ఆ రాత్రే విప్పాను. వాల్వులు పీకి చూస్తే సాకెట్ల చుట్టూ గోధుమరంగులో ఏదో మాడి అంటుకుని ఉంది. సోల్డరింగ్ చేసేటప్పుడు కారిన రోజనం జిగురు అనుకున్నాను. (నా చేతిపని అంత శుభ్రంగా ఉండేది మరి.) స్పిరిట్‌తో తుడిచేసి, పనిలో పనిగా ఒక కండెన్సర్ మార్చాను. పెడితే గాజులా మోగింది! దొంగ కండెన్సర్ దొరికిందని విజయగర్వంతో పడుకున్నాను. ఆ వారం మధ్యలోనూ బాగానే మోగింది. శనివారం పెడితే మళ్ళీ సముద్రం. మళ్ళీ విప్పాను, మళ్ళీ రోజనం. నా మీద నాకే చిరాకేసింది. తుడిచి, ఈసారి వాల్యూమ్ కంట్రోల్ మార్చాను. బ్రహ్మాండం! ఆ పై శనివారం మళ్ళీ భుస్సు. ఇలా తుడవడం, ఏదో ఒకటి మార్చడం, ఆ మార్చినదానికి నేరం అంటగట్టడం. ఏ పాపమూ ఎరగని ఎన్ని భాగాలు నా చేతిలో చెత్తబుట్ట పాలయ్యాయో తలుచుకుంటే ఇప్పటికీ జాలేస్తుంది.

వారాంతంలోనే పాడవుతోంది కాబట్టి లోపం కరెంటులో ఉందని ఒక సిద్ధాంతం కట్టాను. శని ఆదివారాల్లో మా ఎగువన జూబ్లీహిల్స్ బంగళాల్లో షూటింగులు జోరుగా జరిగేవి, వీధి చివర జనరేటర్ వ్యాన్ నిలబడి దడదడలాడుతుండేది. దొరికాడు దొంగ అనుకున్నాను. నేరుగా షూటింగ్ ఇంటికి వెళ్ళి ప్రొడక్షన్ మేనేజర్‌ని పట్టుకుని, మా ఇంట్లో యాంప్లిఫయర్ పరీక్ష కోసం కాసేపు జనరేటర్ ఆపించమని వినయంగా అడిగాను. ఆయన నన్ను పైనుంచి కిందిదాకా చూసి, "బాగుందయ్యా! వేషాల కోసం ఎన్నెన్నో చెప్పి లోపలికొచ్చారు గానీ, ఇది మాత్రం కొత్తగా ఉంది. ఫొటోలు అక్కడిచ్చి వెళ్ళు," అన్నాడు. అలాగని వదిలేసే రకమా నేను? గోడ పక్కన కూర్చుని, వాళ్ళ భోజనాల బ్రేకులో జనరేటర్ ఆగగానే లేచి వాలు వెంట పరుగున ఇంటికొచ్చి స్విచ్చి వేశాను. గుర్రు అలాగే ఉంది. రొప్పు కూడా తోడైంది, అది నాది.

ఇక మా స్టూడియోలో పెద్ద రికార్డిస్టు శరణు కోరాను. ఆయన్ని మేమంతా మ్యూట్ బాబాయ్ అనేవాళ్ళం, అవసరమైతే తప్ప నోరు విప్పేవారు కాదు. యాంప్లిఫయర్‌ని తువ్వాల్లో చుట్టి స్కూటర్ మీద పెట్టుకుని పసిపిల్లాణ్ణి తీసుకెళ్ళినట్టు తీసుకెళ్ళాను. నా గలీజు పని ఆయన కంట పడకూడదని ముందే ఓ మూల కూర్చుని ఆ రోజనమంతా శుభ్రంగా తుడిచేశాను. ఆయన పెట్టి విన్నారు. చిన్న గుర్రు కూడా లేకుండా మోగింది. ఇంకోసారి విన్నారు. "బాగానే ఉందిగా," అన్నారు. "ఇంట్లోనే అండీ, ఇంట్లో అయితేనే..." అని నేను ఏడుపుమొహం పెడితే, చాలాసేపు ఆలోచించి, "అయితే మీ ఇంట్లోనే ఏదో ఉంది," అని మళ్ళీ మ్యూట్ అయిపోయారు.

ఇంటికొచ్చేసరికి ఓనరమ్మ గేటు దగ్గర ఎదురై, "ఏమన్నరు బిడ్డా పెద్దసారు?" అని అడిగింది. ఇంట్లోనే ఏదో ఉందన్నారని చెప్పాను. ఆవిడ ముఖం గంభీరంగా మారిపోయింది. "నేను అనుకుంటనే ఉన్న. సరిపోతలేదు," అని తనలో తను అనుకుంటూ పైకెళ్ళింది. ఏం సరిపోవడం లేదో నాకు అర్థం కాలేదు. ఆ వారం వచ్చిన భుస్సు ముందు అంతకుముందువన్నీ దిగదుడుపు.

క్రిస్మస్ దగ్గరికొచ్చేసింది. అమ్మ ట్రే సంగతి ఎత్తడం మానేసి నావైపు చూడటం మొదలెట్టింది, అది ఇంకా కష్టం. అలాంటి ఒక శుక్రవారం పొద్దున హీరోగారికి గొంతు పట్టేసిందని డబ్బింగ్ రద్దయింది. ఇంట్లో ఉండిపోయాను. ప్లగ్గు పీకేసి, వరండాలో బల్ల కిందికి దూరి ఎర్త్ వైరు ఎక్కడెక్కడికి పోతోందో చూస్తున్నాను. మెట్ల మీద పట్టీల చప్పుడైంది. తలంటుకుని, చేతిలో పసుపు కుంకుమల పళ్ళెంతో ఓనరమ్మ దిగింది. శుక్రవారం పూట ఆవిడ గేటుకీ, నీళ్ళ మోటారుకీ, నా స్కూటర్‌కీ బొట్లు పెట్టడం మాకు కొత్తేమీ కాదు. సినిమావాళ్ళు కెమెరాకి పెట్టినట్టే, తిరిగేదీ వెలిగేదీ ఏదున్నా ఆవిడ వదిలేది కాదు. అన్నీ అయ్యాక బల్ల దగ్గరికొచ్చింది. ప్లగ్గు పీకేసి ఉందో లేదో చూసుకుంది (కరెంటున్నప్పుడు ముట్టుకోవద్దని నేనే అందరికీ పాఠం చెప్పాను). తర్వాత వేలు తడి పసుపులో ముంచి, కుంకుమ అద్ది, ఒక్కొక్క వాల్వు మొదట్లో, సరిగ్గా సాకెట్ కన్నాల మీద, పసిపిల్లలకి బుగ్గచుక్క పెట్టినంత శ్రద్ధగా బొట్టు పెట్టుకుంటూ పోయింది. సరిపోవడం లేదనుకుంది కదా, రెండేసి చొప్పున.

నేను బల్ల కిందే కూలబడ్డాను. రోజనం! పసుపూ, కుంకుమలో సున్నమూ, పైగా నీళ్ళూ. కరెంటు వాల్వు ఒక కాలి నుంచి ఇంకో కాలికి దాటిపోవడానికి ఇంతకన్నా మంచి దారి ఎవరు వేస్తారు? వారాల తరబడి ఆవిడ పెడుతోంది, నేను తుడుస్తున్నాను, మధ్యలో కండెన్సర్లు చచ్చిపోతున్నాయి. బల్ల కిందనుంచి బయటికొచ్చి, "అమ్మా, ఇది మీరా?" అన్నాను. ఆవిడ ఉలిక్కిపడి, "అవ్ బిడ్డా. నువ్వు చర్చికి పోయిన్నాడు సుత నేనే పెట్టిన. కొత్త మిషను, ఉత్తగ ఎట్ల నడుపుతవ్?" అంది.

"పెడితే పెట్టారు, ముందువైపు రేకు మీద పెట్టొచ్చు కదమ్మా! లేదా గాజు మీద!"

"గాజుకు పెడ్తె వేడికి రాలిపోతున్నది. ముందట పెడ్తె..." ఆవిడ వంటింటి వైపు చూసి గొంతు తగ్గించింది. "మీరు చర్చికి పోయెటోళ్ళు. మీ మామ, మీ చుట్టాలు జూస్తె మీ అమ్మను ఏమన్న అంటరని కానరాకుంట కింద పెడుతున్న. పాడైతదని నాకేమెరుక బిడ్డా!"

ఆవిడ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అన్ని వారాల నా కోపం ఎక్కడికి పోయిందో తెలియదు. అప్పటికే అమ్మ తడి చేతులతో బయటికొచ్చి అంతా వింది. ఓనరమ్మ చెయ్యి పట్టుకుని బల్ల ముందుకు తీసుకొచ్చి, "ఇక్కడ పెట్టక్కా, నడిమధ్యలో, అందరికీ కనబడేలా. ఎవరేమంటారో నేను చూసుకుంటా," అంది. ఓనరమ్మ నా కేకు ట్రే నుదుటి మీద రూపాయంత బొట్టు పెట్టింది. నేను సాకెట్లన్నీ ఆఖరిసారి తుడిచాను. ఆ తర్వాత అది ఇంతవరకూ భుస్సుమనలేదు.

క్రిస్మస్ రోజు అమ్మ కేకు ప్రెషర్ కుక్కర్‌లో చేసింది, గుండ్రంగా వచ్చింది. భోజనాలయ్యాయి, పై నుంచి ఓనరమ్మ కూడా దిగింది. మామయ్య కిళ్ళీ నములుతూ బొట్టు వైపు చూసి ఏదో అనబోయాడు, అమ్మ వైపు చూసి మింగేశాడు. నాన్న రికార్డు పెట్టాను. స్టూడియోలో అన్నది నిజమే, గొంతులు మా వరండాలోకి వచ్చి నిలబడ్డాయి. చరణం చివరికొస్తోంది. నాన్న కుర్చీ చేతుల మీద చేతులాన్చి లేవబోయారు, "అది..." అన్నారు. అమ్మ కేకు ముక్క తీసి ఆయన నోట్లో కుక్కింది. సరిగ్గా అప్పుడే కోరస్ అందుకుంది. అందరికన్నా ముందు, ఒక్క రవ్వంత ముందు, ఒక్క గొంతు దూకింది. తక్కినవాళ్ళంతా ఆ వెనక వచ్చి కలిశారు.

ఆ దూకింది ఎవరో అక్కడ ఎవరికీ చెప్పక్కర్లేదు, చర్చిలో ప్రతి కీర్తనకీ వింటున్న గొంతే. "బావా," అన్నాడు మామయ్య మెల్లగా, "అది నువ్వే."

నాన్న కేకు మింగడానికి చాలాసేపు తీసుకున్నారు. "మ్యూజిక్ డైరెక్టరు గారు తల గోక్కోవడానికి చెయ్యెత్తారు," అన్నారు. "మాకిచ్చే సైగ అనుకున్నాను. నోట్లోంచి వచ్చేసింది. టేకు ఓకే అయిపోయింది. ఎవరైనా పట్టుకుంటారేమో, ఇంక పిలవరేమోనని ఎన్నాళ్ళు హడలిపోయానో! ఎవరూ పట్టుకోలేదు. అది ఇంకా బాధరా. నేను తప్పు పాడినా ఎవరికీ వినబడలేదు." అప్పుడు తెలిసింది నాకు, ఏటేటా ఆ కేక ఎందుకో. వినండి అని అరుస్తూ వినబడకుండా కాపాడుకున్నారాయన.

"ఇంకోపారి పెట్టు బిడ్డా," అంది ఓనరమ్మ. "అందరికంటె ముందుగాల వచ్చింది మా సారే గద!" పెట్టాను. ఈసారి నాన్న అరవలేదు. కళ్ళు మూసుకుని విన్నారు. మామయ్య వెళ్ళేటప్పుడు నన్ను పేరు పెట్టి పిలిచాడు. నన్నే పిలుస్తున్నాడని తెలియక నేను పలకలేదు.

ఇప్పుడు నాకు ఫిల్మ్ నగర్‌లోనే సొంత ఎడిటింగ్ గది ఉంది. కోరస్‌లో ఒక గొంతు ముందుకు దూకితే దాన్ని తెర మీద పట్టుకుని వెనక్కి జరిపేయడం నాకు చిటికెలో పని. మొన్నామధ్య నాన్న పాటని కంప్యూటర్‌లోకి ఎక్కించి, "నాన్నా, ఆ చోటు సరిచేసెయ్యనా? ఎవరికీ తెలియదు," అన్నాను. ఆయన గాభరాగా నా చెయ్యి పట్టుకున్నారు. "ముట్టుకోకు. అది సరిచేస్తే నేనెక్కడున్నానో మీకెలా తెలుస్తుందిరా?"

ముట్టుకోలేదు. చిన్న చప్పుడు కూడా మిగలకూడదని వారాల తరబడి బల్ల కింద దూరిన ఆ కుర్రాడు తలపుకొచ్చి నవ్వొచ్చింది. వాడి పట్టుదల ఇప్పుడు నాలో సగమే ఉంది. ఒక్కోసారి ఏ కొత్త కోరస్ కుర్రాడి గొంతో రవ్వంత ముందు వచ్చేస్తుంది, డైరెక్టరుగారు ఫోనులో ఉంటారు. నేను కూడా విననట్టే ఊరుకుంటాను. వాడికీ ఒక ఇల్లుంటుంది కదా, ఆ ఇంట్లో వాడి గొంతు కోసం వెతికేవాళ్ళుంటారు.